తట్టితే వదిలెయ్యాలి

బానోతు రేణుక మెడ విరగడం స్రవంతి మొదటిసారి సోమవారం పొద్దున పదకొండింటికి చూసింది. ఆ సమయానికి రేణుక పక్క గదిలో కూర్చుని, ఇంకో ప్లేటు ఉప్మా అడిగితే బాగుండదేమోనని మొహమాటపడుతోంది.

విరిగింది రేణుక మెడ కాదు, రేణుక నీడ మెడ. హనుమకొండలోని ఏకశిల కబడ్డీ జట్టు ల్యాబ్‌లో నేలంతా నల్లటి గాజు పరిచి ఉంటుంది. దాని మీద ఆడే వెలుగుబొమ్మలకు నీడలని పేరు పెట్టింది స్రవంతే, వాటిని పుట్టించే యంత్రాన్ని ఎనిమిదేళ్లు కష్టపడి కట్టిందీ ఆమే. కబడ్డీ ఆడే పిల్లకు సన్నటి తీగలు అల్లిన చొక్కా, లాగు రెండు రోజులు తొడిగిస్తే చాలు. ఎటు వంగుతుంది, ఎక్కడ తూలుతుంది, నొప్పి పుడితే ఏం చేస్తుంది, భయమేస్తే ఏ కాలు వెనక్కి వేస్తుంది, అన్నీ ఆ తీగలు నేర్చేసుకుంటాయి. ఆ తర్వాత ఆ పిల్లతో పనిలేదు. ఆమె నీడ మిగతా నీడలతో కలిసి ఒక గంటలో రెండు వందల సీజన్లు ఆడేస్తుంది.

ఆ రెండు వందల్లో అరవై ఒక్క సీజన్లలో రేణుక మళ్లీ లేవలేదు.

స్రవంతి నమ్మలేదు. యంత్రం ఏదో పొరపాటు చేసి ఉంటుందని మళ్లీ ఆడించింది. అరవై మూడు వచ్చింది. ఎదుటి జట్టును మార్చి మార్చి ఆడించింది. అప్పుడు తేలిందేమిటంటే, లీగులో ఉన్న ఎవరు పట్టినా రేణుకకు ఏమీ కాదు. పాయం సమ్మక్క పడితేనే అవుతుంది. సమ్మక్క ఎడమ మూల నుంచి వంగి చీలమండ పట్టుకుంటుంది, రేణుక గీత వైపు గుంజుకుంటుంది, ఉన్నట్టుండి పట్టు సడలుతుంది. గుంజుతున్న బలమంతా ఒక్కసారిగా ముందుకు తోసేసి రేణుక తల, పక్క నుంచి దూకుతున్న వాళ్ల కిందికి పోతుంది. ఎందుకు సడలుతోందో యంత్రం చెప్పలేదు. దానికి చూపించడం వచ్చుగానీ విప్పి చెప్పడం రాదు.

పోనీ సమ్మక్క చేతిలో బలం లేదా అంటే, ఆ పిల్ల పట్టు పడితే రాష్ట్రంలో ఇంకెవరూ విడిపించుకున్నది లేదు. పైగా ఇద్దరూ ములుగు దగ్గర ఒకే హాస్టల్లో పదేళ్లు ఒకే కంచంలో తిన్నంత దగ్గరగా పెరిగారు. ఇప్పుడు ఆ పక్క గదిలో రేణుక మొహమాటం చూడలేక లేచి వెళ్లి ఉప్మా తెచ్చిపెడుతున్నది కూడా సమ్మక్కే.

మధ్యాహ్నం మీటింగు. ఏకశిల మహిళా కబడ్డీ జట్టు మేనేజర్ ఫణీందర్, కోచ్ కొమురయ్య ఎదురెదురుగా కూర్చున్నారంటే టీ చల్లారిపోయినట్టే. శనివారం ఎంపిక. పన్నెండు జట్లు వంతులవారీగా కొత్త పిల్లల పేర్లు పిలుస్తాయి. లాటరీలో ఏకశిలకు మొదటి విడతలో మూడో వంతు, ఆఖరి విడతలో అందరికన్నా చివర ఒకదాని వెంట ఒకటి రెండు వంతులు వచ్చాయి. ఆ మొదటి వంతులో రేణుకను పిలవాలా, సమ్మక్కను పిలవాలా అన్నది వారం రోజులుగా తెగని పంచాయితీ. ఒకరు కూత పెట్టి ఒంటరిగా అవతలి కోర్టులోకి వెళ్లి, ఎవరినో ఒకరిని అంటుకుని తిరిగొచ్చే రెయిడర్. ఇంకొకరు అలా వచ్చినవాళ్లను తిరిగి పోనివ్వని కార్నర్.

"జనం టికెట్ కొనేది రెయిడర్ కోసం సార్," అన్నాడు ఫణీందర్. "పట్టు ఎవరికి కనబడుతుంది? ఏడుగురు మీద పడతారు, అడుగున ఎవరున్నారో కెమెరాకు కూడా తెలీదు. పోస్టర్ మీద వేసుకోవాలంటే రేణుకే."

"పోస్టర్ల ఆడుతమా సారూ, మ్యాట్ మీద ఆడుతమా?" కొమురయ్య వంకర తిరిగిన వేళ్లు బల్ల మీద పెట్టాడు. ముప్పై ఏళ్లు కార్నర్‌లో ఆడిన చేతులవి. "పోయినేడు ఎనిమిది మ్యాచులు ఆఖరి అయిదు నిమిషాలల్లనే ఓడినం. ఎందుకోడినం? ఎడమ మూల ఖాళీ. పాయింట్లు తెచ్చేటోళ్లు మస్తుమంది దొరుకుతరు. తెచ్చినయి కాపాడెటోళ్లు ఏరి?"

"స్రవంతి గారినే అడుగుదాం. మీ నీడలు ఏమంటున్నాయండీ?"

ఇద్దరూ తనవైపు తిరిగేసరికి స్రవంతి ముందున్న కాగితాలు సర్దుకుంది. రేణుకను తీసుకుంటే సమ్మక్క వేరే జట్టుకు పోతుంది. సమ్మక్కను తీసుకుంటే రేణుక పోతుంది. ఎటైనా ఎదురుపడతారు. ఇక రాతపూర్వకంగా చెబుదామా అంటే, ఏ ప్లేయర్‌కైనా పెద్ద దెబ్బ ముప్పు కనిపిస్తే గురువారం సాయంత్రం ఐదులోపు ఆ సంగతి పన్నెండు జట్లకూ తెలియజేయాలని లీగు నిబంధన. మెడ విరిగే పిల్లని తెలిసి ఎవరు తీసుకుంటారు? ఆ నిబంధన పట్టుబట్టి రాయించింది కూడా స్రవంతే. మంచి జరుగుతుందనే రాయించింది.

"ఇంకా లెక్క పూర్తి కాలేదు," అంది. అబద్ధం చెప్పడం ఆమెకు బొత్తిగా చేతకాదు. కొమురయ్య ఆమె మొహంలోకి కాస్త ఎక్కువసేపే చూశాడు.

ఆ నిబంధనకు మొదట బలైనవాడు స్రవంతి ఇంట్లోనే ఉన్నాడు. తమ్ముడు ప్రవీణ్. మూడేళ్ల కిందట వాడు మంచి రెయిడర్. ఎడమ మోకాలు పద్దెనిమిది నెలల్లో పోతుందని నీడ చెప్పింది, అక్క రాసింది, ఎవరూ తీసుకోలేదు. ఇప్పుడు కాజీపేట రోడ్డులో టైర్ల షాపు పెట్టుకుని, రోజంతా ఆ మోకాలి మీదే కూర్చుని లారీ చక్రాలు విప్పుతాడు. మూడేళ్లయినా అది పోలేదు. మ్యాట్ మీద ఆడి ఉంటే పోయేదో లేదో ఇక ఎప్పటికీ ఎవరికీ తెలియదు. అక్కతో సూటిగా మాట్లాడటం మానేశాడు. ఆమె పక్కనే ఉన్నా, "అమ్మా, అక్కను తినుమను," అంటాడు. అమ్మ కూడా, "బిడ్డా, తినుమంటున్నడు," అని ఆమెకు అందిస్తుంది. ఆ ఇంట్లో అదొక అలవాటైపోయింది.

ఆ సాయంత్రం స్రవంతి నేరుగా షాపుకే వెళ్లింది. పనివాళ్లెవరూ లేని సమయం చూసి ఫోన్ వాడి ముందు పెట్టింది.

"తమ్మీ, ఒక్కటి చూసి చెప్పు. రేణుకను సమ్మక్క పడుతుంది. దీంట్ల ఏం జరుగుతుందో నాకు సమజైతలేదు."

ప్రవీణ్ చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. నీడలు నెమ్మదిగా కదిలాయి. సమ్మక్క నీడ చీలమండ పట్టింది. రేణుక నీడ కుడిచెయ్యి వెనక్కి వచ్చి సమ్మక్క వీపును తాకింది. మళ్లీ తాకింది. పట్టు సడలింది. ప్రవీణ్ ఒక్కసారే చూశాడు.

"తట్టుడు గదా," అన్నాడు.

"ఏం తట్టుడు?"

"కొమురయ్య సార్ నేర్పిన తట్టుడు. నువ్వు గ్రౌండ్ల ఆడి ఉంటె తెలుస్తుండె." మూడేళ్లలో వాడు ఆమెతో ఇన్ని మాటలు ఇదే మొదలు. "ప్రాక్టీసుల పట్టినప్పుడు నొప్పైతే రెండుసార్లు తట్టాలె. వీపు అందకపోతే మ్యాట్ మీద తట్టాలె. తట్టుడు ఇనవడంగనే పట్టినోళ్లు వదిలెయ్యాలె. వదలకుంటే సార్ గ్రౌండ్ చుట్టు ఇరవై రౌండ్లు ఉరికిచ్చేటోడు. ములుగు హాస్టల్ల ఈ ఇద్దరికి పదేండ్లు నేర్పింది సారే గదా. సార్ దగ్గర నేర్చుకున్నోళ్లెవలకైన నిద్రల తట్టినా చేతులు ఊడుతయి."

"మ్యాచుల ఎట్ల తడుతది? బయటోళ్లు పట్టినప్పుడు తడుతలేదు గదా."

"బయటోళ్ల చెయ్యి బయటోళ్లదే. పదేండ్లు పట్టిన చెయ్యి కాలికి తెల్వదా?"

స్రవంతి అక్కడే ఉన్న పాత టైరు మీద కూలబడింది. నొప్పి పుట్టగానే రేణుక ఒళ్లు అది సమ్మక్క చెయ్యని గుర్తుపడుతోంది. గుర్తుపట్టి, చిన్నప్పటినుంచి చేసినట్టే వదలమని అడుగుతోంది. సమ్మక్క వదులుతోంది. ఇద్దరి తప్పూ అదే.

ప్రవీణ్ ఫోన్ తిరిగిచ్చాడు. "ఈ పిల్లకు చెప్పినవా?"

"ఇంకా లేదు. రాయాల్నా వద్దా అని..."

"రాసుడు తర్వాత ముచ్చట అక్కా. నా మోకాలు పోతుండెనో లేకుంటె నిలుస్తుండెనో, నాకు దాని బాధ లేదు. పన్నెండు టీములకు చెప్పినవు. నాకు చెప్పలే. నేను కాయితంల సదువుకున్న." వాడు మళ్లీ పాన అందుకుని చక్రం వైపు తిరిగాడు. ఇన్నాళ్లూ వాడి కోపం యంత్రం మీద అనుకుందామె.

మర్నాడు పొద్దున్నే గ్రౌండుకు వెళ్లి, ఎవరికన్నా ముందు రేణుకకు చెప్పింది. ఆ పిల్ల మొదట నవ్వింది, తర్వాత మెడ తడుముకుంది.

"సచ్చిపోతనా మేడం?"

"లేదు. కానీ లేవలేవు."

రేణుక వెంటనే సమ్మక్కను పిలిచింది. కొమురయ్య కూడా వచ్చాడు. సంగతంతా విన్నాక ఆయన తన చేతుల వైపే చూసుకున్నాడు.

"మా దోస్తు ఉండె, మల్లేశం అని," అన్నాడు. "ప్రాక్టీసుల వాని చెయ్యి పట్టిన. వాడు నా వీపు మీద కొట్టుకుంట ఒర్లిండు. ఆడుతున్నడనుకున్న, ఇంకింత బిగవట్టిన. మోచెయ్యి ఇరిగింది. అప్పుడు ఒట్టు పెట్టుకున్న బిడ్డా, నా దగ్గర నేర్చుకునే పిల్లలు తట్టితే వదలాలె అని. ఎవ్వలకు దెబ్బ తాకొద్దనే నేర్పిన."

"మీ తప్పు కాదు సార్," అంది స్రవంతి. అది నిజమే అయినా ఆయనకు ఎక్కలేదు. లేచి విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.

మంగళవారం, బుధవారం ఇద్దరికీ మళ్లీ తీగల చొక్కాలు తొడిగి, పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దు గుంకే దాకా ఒకటే పని. రేణుక వెళ్లాలి, సమ్మక్క పట్టాలి, రేణుక తట్టకూడదు, తట్టినా సమ్మక్క వదలకూడదు. వంద సార్లు, రెండు వందల సార్లు. ఆయనే నేర్పినదాన్ని ఆయనే మాన్పిస్తున్నాడు. "పట్టు! వదలకు! వదలకంటున్న గదనే!" అని అరుస్తూ గొంతు పోగొట్టుకున్నాడు. రేణుక చీలమండ వాచి చెప్పు పట్టలేదు. సమ్మక్క బుధవారం సాయంత్రం మ్యాట్ మధ్యలో కూర్చుని భోరుమంది.

"నా తోని కాదు సార్. నేను వదుల్తలేను. చెయ్యి దానంతటదే వస్తుంది."

గురువారం పొద్దున తీగల చొక్కాలు విప్పి ఇద్దరి నీడలనూ మళ్లీ గాజు మీదికి దింపారు. స్రవంతి గంటసేపు నిలబడే ఉంది. అంకె ఆగింది. యాభై ఏడు.

మూడున్నరకు రేణుక, సమ్మక్క ఆమె బల్ల ముందు కూర్చున్నారు. కాగితం సగం రాసి ఉంది.

"ఇది పంపిస్తే ఏమవుతుందో నీకు తెలుసు," అంది స్రవంతి. "పంపకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. ఈసారి నీకు తెలియకుండా ఏదీ పోదు. నువ్వే చెప్పు."

"రాయకుంటే మీ నౌకరి పోతదా మేడం?"

"నా నౌకరి సంగతి వదిలెయ్యి."

రేణుక కుంటుతూ లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చింది. ఇంట్లో ఆ పిల్ల ఆట మీద ఎందరు ఆశ పెట్టుకున్నారో స్రవంతికి తెలుసు, అడగలేదు. "సమ్మికి తెలిసిపాయె గదా," అంది రేణుక ఆఖరికి. "ఇగ నేను కూతకు పోయినప్పుడల్లా అది నా మెడ చూసుకుంట ఆడాలె. దాని ఆట గూడ పోతది. రాయుర్రి."

"నా పేరు గూడ రాయుర్రి," అంది సమ్మక్క. "దాని ఒక్కదానిదే ఎందుకు రాస్తరు? చేతులు నాయే గదా."

నిబంధన ప్రకారం దెబ్బ తగిలేవాళ్ల పేరు రాస్తే చాలు. సమ్మక్క పేరు లేకపోతే ఆమెను మొదటి వంతులోనే ఎగరేసుకుపోతారు. స్రవంతి ఆ మాటే చెప్పింది. సమ్మక్క వినలేదు. నాలుగూ యాభైకి రెండు పేర్లతో కాగితం వెళ్లింది. ఈ ఇద్దరూ ఎదురెదురుగా ఆడరాదు, ఒకే జట్టులో ఆడితే ఏ ముప్పూ లేదని అందులో స్పష్టంగా ఉంది.

శుక్రవారం ఫణీందర్ ఆ కాగితం బల్ల మీద పడేశాడు. "మొత్తానికి మన గొడవ తీర్చారు. రెయిడరూ వద్దు, కార్నరూ వద్దు."

"ఇద్దరిని తీసుకుందాం," అన్నాడు కొమురయ్య. "ఒక్క టీముల ఉంటె మెడకేం గాదు."

"మూడో వంతు ఖర్చుపెట్టి మచ్చపడ్డ పిల్లనా? మొదటి వంతులన్నీ నావి. ఆ చివరి రెండూ మీరు పిలుచుకోండి. అప్పటిదాకా వాళ్లను ఎవరూ ముట్టుకోరు, చూడండి."

అంతకంటే దారి లేదు. చివరి రెండు వంతులు ఒకదాని వెంట ఒకటి కాబట్టి, అక్కడిదాకా ఎవరూ పిలవకపోతే ఇద్దరూ ఏకశిలకే వస్తారు. కొమురయ్య ఒప్పుకున్నాడు.

శనివారం, హైదరాబాదులో హోటల్ హాలు. ఏకశిల బల్ల దగ్గర ఫణీందర్, కొమురయ్యల పక్కన స్రవంతి ఉంది. పిల్లలందరూ ముందు వరుసల్లో కూర్చున్నారు. రేణుక పక్కన ప్రవీణ్ ఉన్నాడు. షాపు మూసి, అడగకుండానే కారు తోలుకుని వచ్చాడు. పెద్ద తెర మీద పేర్లు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. పేరు ఆరిన పిల్ల వేదిక ఎక్కి, కొత్త జెర్సీ అందుకుని ఒక పక్కన నిలబడుతుంది. ఫణీందర్ తన మొదటి వంతులో వేరే రాష్ట్రపు రెయిడర్‌ను పిలిచాడు. వంతులు తిరిగాయి. రేణుక, సమ్మక్క పేర్లు తెర మీద అలాగే ఉన్నాయి. వాటిని ఎవరూ పిలవనందుకు స్రవంతి ప్రాణం కుదుటపడుతోంది. అలా కుదుటపడుతున్నందుకు సిగ్గుగానూ ఉంది.

ఏకశిలకు ముందు ఒకే ఒక్క జట్టు మిగిలింది. వాళ్ల మేనేజర్ తమ బల్ల మీది మీట నొక్కి, లేచి మైకు అందుకున్నాడు.

"పాయం సమ్మక్క."

కొమురయ్య చెయ్యి స్రవంతి మణికట్టు మీద పడింది. వేదిక ఎక్కుతున్న సమ్మక్క రెండుసార్లు వెనక్కి తిరిగి రేణుక వైపు చూసింది. ఆకుపచ్చ జెర్సీ చేతికిచ్చారు. దాన్ని గుండెకు అదుముకుని నిలబడింది.

"తెలివైనవాళ్లు," అన్నాడు ఫణీందర్. "ముప్పు సమ్మక్కకు కాదుగా. చివర్లో చవగ్గా కొట్టేశారు." అంతలోనే అతని మొహం వెలిగింది. "అయితే మనం రేణుకను తీసేసుకుందాం."

"ఏం మాట్లాడుతున్నవు?"

"ఆలోచించండి సార్. ఇద్దరు స్నేహితులు, ఎదురెదురుగా. పన్నెండు జట్లకూ ఆ కాగితం తెలుసు, రేపు పేపర్లకూ తెలుస్తుంది. ఆ రోజు స్టేడియం సరిపోదు."

"తీసుకుంట. ఆ టీము తోని ఆడేనాడు కూసోవెడ్త."

"నిరుడు మీరు కూర్చోబెట్టిన పిల్లను ఎవరు దింపారు? నేనే. ఈసారీ నేనే దింపుతాను. కాంట్రాక్టులో ఉంది."

తెర మీద గడియారం మొదలైంది. చివరి రెండు వంతులకూ కలిపి నలభై ఐదు సెకన్లు. కొమురయ్య ముందు, పేరు ఖాయం చేసే ఎర్ర మీట ఉంది. ఆయన చెయ్యి దాని మీద పెట్టాడు. నొక్కితే రేణుకకు జట్టు ఉంటుంది, జీతం ఉంటుంది, ఏదో ఒక రోజు ఎదురుగా సమ్మక్క ఉంటుంది. నొక్కకపోతే ఇంకో టైర్ల షాపు.

"ఏం జెయ్యాలె బిడ్డా?" అన్నాడు. "యాభై ఏడంటివి. మిగిలిన నూట నలభై మూడు సార్లు ఏం గాదు గదా? నేను మళ్ల నేర్పుకుంటగదా?"

స్రవంతి తెర వైపు చూసింది. ఇరవై సెకన్లు.

"నాకు తెల్వదు సార్," అంది. "ఆ పిల్లనే అడుగుర్రి."

ఇద్దరూ రేణుక వైపు చూశారు. హాలంతా వాళ్ల చూపు వెంటే తిరిగి నిశ్శబ్దమైపోయింది. రేణుక కొమురయ్య చేతిని చూసింది, దాని కింద ఉన్న మీటను చూసింది, వేదిక మీద సమ్మక్కను చూసింది. రేణుక ముందుకు వంగి, ఎదుటి కుర్చీ వీపు మీద అరచేత్తో తట్టింది. మళ్లీ తట్టింది.

కొమురయ్య చెయ్యి మీట మీద నుంచి లేచిపోయింది. ఆయన ఇంకా ఏమీ నిర్ణయించుకోలేదు. గడువు ముగిసిన గంట మోగింది.

వేదిక మీద ఆకుపచ్చ జెర్సీ నేల మీద పడి ఉంది. సమ్మక్క విప్పుకున్న తన రెండు చేతుల వైపు చూసుకుంటోంది. అవి ఎప్పుడు విప్పుకున్నాయో ఆమెకే తెలియలేదు.